అనంత విశ్వం వ్యాకోచించి తీరాలా: ఈ ప్రశ్నను తేల్చుకునే పద్ధతి

ముందుగా ఇందులో కలగలిసిపోయిన రెండు ప్రశ్నలను విడదీయండి. విశ్వం పరిమితమా, అనంతమా అన్నది ఒకటి. గెలాక్సీల మధ్య దూరాలు పెరుగుతున్నాయా అన్నది మరొకటి. పరిమిత విశ్వం కూడా వ్యాకోచించగలదని రష్యన్ గణితవేత్త అలెగ్జాండర్ ఫ్రీడ్మన్ 1922లో, అనంత విశ్వం కూడా వ్యాకోచించగలదని 1924లో లెక్కగట్టి చూపాడు కనుక, ఒకదాని జవాబును బట్టి రెండోదాన్ని ఊహించకూడదు.

అంతే లేనిది ఇంకా ఎలా పెరుగుతుందన్న సందేహం తీరాలంటే, ఒక రబ్బరు పట్టీ మీద సెంటీమీటరుకొక సిరా చుక్క పెట్టి, నెమ్మదిగా సాగదీయండి. ఏ చుక్క నుంచి చూసినా మిగిలినవన్నీ దూరమవుతాయి. రెండింతల దూరంలో ఉన్నది రెండింతల వేగంతో జరుగుతుంది. పట్టీకి కొసలే లేవనుకున్నా ఈ లెక్క మారదు. (సిరా చుక్కలు కూడా కాస్త సాగుతాయి గానీ, గెలాక్సీలు తమ గురుత్వాకర్షణతో ముడిపడి ఉంటాయి కనుక సాగవు.)

ఇప్పుడు పదార్థాన్ని లెక్కలోకి తీసుకోండి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఏమీ లేని అనంత శూన్యం కదలకుండా ఉండగలదు. నక్షత్రాలు సమంగా పరుచుకుని ఉంటే అన్ని వైపుల లాగుడూ సరిపోయి అవి నిలిచిపోతాయని మనకు తోస్తుంది. అయితే అలా నిలపడం అసంఖ్యాకమైన సూదులను మొనల మీద నిలబెట్టడం వంటిదని న్యూటన్ 1693లోనే రిచర్డ్ బెంట్లీ అనే మతపండితుడికి రాశాడు. ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతమైన సాపేక్ష సిద్ధాంతం మరింత కచ్చితంగా చెబుతుంది: 1917లో ఐన్‌స్టీన్ విశ్వస్థిరాంకాన్ని (ధనాత్మకమైతే గురుత్వాకర్షణకు ఎదురుగా వికర్షణలా పనిచేసే పదాన్ని) చేర్చి రూపొందించిన నిశ్చల విశ్వం పరిమితమైనదే, అదీ నిలకడ లేనిదని 1930లో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ చూపాడు, పదార్థం సమంగా నిండిన అనంత విశ్వంలోనైతే, విశ్వస్థిరాంకం రుణాత్మకం కానంతవరకు, వ్యాకోచ రేటు ఒక్క క్షణం కూడా సున్నా కాలేదు.

అంతమాత్రాన వ్యాకోచమే జరగాలని అనకండి. ఫ్రీడ్మన్ సమీకరణం ఇచ్చేది ఆ రేటు వర్గాన్ని (రేటును దానితోనే గుణించిన విలువను) మాత్రమే, ధన రేటుకూ రుణ రేటుకూ అది ఒకటే కనుక, సంకోచానికీ అంతే చోటుంది. ఆ రెండింటిలో ఏదో తేల్చవలసింది పరిశీలనే. దూరపు గెలాక్సీ వర్ణపటంలో హైడ్రోజన్ ఎర్ర గీతను వెతకండి. ప్రయోగశాలలో 656 నానోమీటర్ల వద్ద ఉండే ఆ గీత 689 వద్ద కనబడితే, దూరాలతో పాటే వెలుగు తరంగమూ సాగుతుంది కనుక, ఆ వెలుగు ప్రయాణించిన కాలంలో దూరాలు దాదాపు 5 శాతం పెరిగాయని అర్థం. సంకోచిస్తున్న విశ్వమైతే అదే గీత నీలం వైపు జరిగి ఉండేది.