పిల్లాడు చెరో వారం, మరి ఖర్చు ఎవరిది?

అమ్మ ఒడిశాలోని పర్లాకిమిడిలో, నాన్న ఆంధ్రాలోని పాతపట్నంలో, పిల్లాడు ఓ వారం ఇటు ఓ వారం అటు. సరిహద్దు దాటితే ఊరు మారిపోయే చోట చెరిసగం కస్టడీ బాగానే నడుస్తుంది. కానీ రోజులు సమానం కదా, ఇంక ఎవరూ ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు అనుకోకండి. ఇద్దరూ సంపాదిస్తుంటే ఎవరి ఆదాయాన్ని బట్టి వాళ్లు పిల్లల ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

ఇంత జీతానికి ఇంత అనే పట్టిక మన చట్టంలో లేదు, జడ్జిగారే పరిస్థితి చూసి తేలుస్తారు. అయినా ముందు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక లెక్క ఉండాలి కదా. నాన్న జీతం 40,000, అమ్మది 20,000, పిల్లాడికి నెలకి మొత్తం 12,000 అవుతోందనుకోండి. అంటే నాన్న వాటా 8,000, అమ్మ వాటా 4,000. తిండీ తిప్పలకి చెరో ఇంట్లో 3,000 అవుతూ, స్కూలు ఫీజు, ట్యూషన్, మందులు కలిపి మిగతా 6,000 అమ్మే కడుతుంటే ఆవిడ చేతి నుంచి 9,000 పోతోంది, కాబట్టి నాన్న నెలనెలా 5,000 పంపాలి. రేపు నాన్న ఆదాయం 20,000కి పడిపోతే వాటాలు చెరో 6,000, పంపాల్సింది 3,000. అమ్మ జీతం పెరిగినా ఇలాగే మళ్లీ లెక్కేయాలి.

అసలు గొడవ ఇక్కడే. జీతం తగ్గిందని మీ అంతట మీరు తక్కువ పంపడం మొదలుపెట్టకండి. కోర్టు మార్చేదాకా పాత ఆర్డరే నడుస్తుంది, బకాయి పేరుకుంటుంది. ఆదాయం మారిన వెంటనే పిటిషన్ వేయండి. విడాకుల డిక్రీలో భాగంగా నిర్ణయించినదైతే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద ఆ కోర్టులోనే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125 కింద వచ్చిన భరణం ఆర్డరైతే దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 146 కింద మార్పు అడగాలి. కావాలని ఉద్యోగం మానేసి "ఆదాయం లేదు" అంటే మాత్రం నమ్మరు, మీరు ఎంత సంపాదించగలరో కూడా చూస్తారు.

రజనేశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు (2020) తర్వాత ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ చూపిస్తూ ఇద్దరూ అఫిడవిట్ వేయాల్సిందే. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫీజు రసీదులు జతచేయండి. కేసు ఒడిశా కోర్టులో ఉంటే, ఆంధ్రా వైపు నుంచి తెచ్చిన తెలుగు కాగితాలకి ఇంగ్లీషు అనువాదం చేయించుకోండి, గుమాస్తాకి తెలుగు వచ్చినా ఫైలుకి రాదు!

ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకా సుళువు. నోటిమాటతో వదిలేయకుండా జాయింట్ మెమో (ఇద్దరూ సంతకం చేసిన ఒప్పంద పత్రం) కోర్టులో వేసి ఆర్డర్ తీసుకోండి, ఏటా జూన్‌లో జీతాలు చూసుకుని లెక్క సవరించుకుంటామనే షరతు కూడా అందులో రాయించండి. డబ్బు చేతికివ్వకుండా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో "ఫలానా నెల పిల్లాడి ఖర్చు" అని రాసి పంపండి. బట్టలు కొన్నాను, సైకిల్ కొన్నాను అని అందులోంచి కోసుకోకండి, అవతలి వకీలుకి అదే దొరుకుతుంది.

డబ్బు రావాల్సినవాళ్లకి ఒక మాట: బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 144 (పాత 125) కింద వచ్చిన ఆర్డర్ బకాయి వసూలుకి ఏడాదిలోగా కోర్టుకెళ్లాలి. ఆర్డర్ ఒడిశాదైనా, కట్టాల్సిన మనిషి ఆంధ్రాలో ఉంటే అక్కడి మేజిస్ట్రేటు దగ్గరే అమలు చేయించుకోవచ్చు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా వకీలుని ఉచితంగానే ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి.