పాత రైలు దారులు వెతుకుదాం – 4: చెరువు కట్టా, రైలు కట్టా?

పోయిన పాఠంలో శాటిలైట్ మ్యాప్ మీద పాత రైలు కట్టను, అంటే పట్టాలు తీసేశాక మిగిలిన మట్టికట్టను, ఎలా పట్టాలో చెప్పి, ఆదివారం ఒకటి వెతికి ఫొటో పంపమన్నాను. వచ్చిన వాటిలో సగానికి పైగా చెరువు కట్టలే. తప్పు నాది. "పొడుగ్గా, ఎత్తుగా, తుమ్మచెట్లు మొలిచిన మట్టిగీత" అని రాసి ఊరుకున్నాను. తెలంగాణలో ఆ పోలికకు చెరువు కట్ట కాక ఇంకేం దొరుకుతుంది? మిషన్ కాకతీయ లెక్కల్లోనే 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. మేడ్చల్ అవతల ఒకాయన రెండు గంటలు నడిచాక, గొర్రెలు కాసే పెద్దమనిషి ఆపి, "గిది మా చెర్వు కట్ట సారూ, దీని మీద రైలేడికెల్లి వస్తది?" అన్నాడట.

అందుకని పట్టాల పాఠం సగానికి కోసి, ముందు ఈ పేచీ తేలుస్తాను. నీళ్లు, బూట్లు, పాములు, ఇంట్లో చెప్పి వెళ్లడం వగైరాలు నేను చెప్పక్కర్లేదు.

చెరువు కట్ట నీటిని ఆపడానికి పుట్టింది. రైలు కట్ట బండిని దాటించడానికి పుట్టింది. మిగతా తేడాలన్నీ ఇందులోంచి వచ్చినవే. నీటిని ఆపేది పల్లానికి అడ్డంగా పడుకుంటుంది, రెండు కొసలూ మిట్టకు ఆనగానే దాని పని అయిపోతుంది. రైలు దారికి మిట్ట ఎదురైతే ఆగదు, మిట్టను కోసుకుంటూ పోతుంది. రైల్వే వాళ్లు దాన్ని కటింగ్ అంటారు. కాబట్టి కట్ట మధ్యలో నిలబడి వాదించుకోవద్దు, కొస దాకా నడవండి. కొసన గట్టు తగిలి అంతా ముగిసిపోతే అది చెరువు. రెండు పక్కలా నేల పైకి లేచి, మీరున్న దారి మాత్రం సమంగా లోపలికి పోతుంటే, టీ తాగడానికి కూడా ఆగకండి, దొరికినట్టే.

కొస దాకా పోలేరా? పక్కలు చూడండి. చెరువు కట్టకు లోపలి వైపు రాళ్లు పరిచి ఉంటాయి, ఆ వైపు నీళ్లు నిలిచే శిఖం భూమి, బయటి వైపు ఆ నీళ్లతో పండే ఆయకట్టు. తూము ఒకచోట, మత్తడి ఒక పక్కన కనిపిస్తాయి. రైలు కట్టకు రెండు వాలులూ ఇంచుమించు ఒకటే. కట్ట పోయడానికి మట్టి తీసిన గుంతలు చాలాచోట్ల దాని వెంటే వరుసగా ఉంటాయి, వానాకాలంలో వాటిలో తుంగ మొలుస్తుంది. వాగు, వర్రె అడ్డొచ్చిన చోటల్లా కింద కల్వర్టు ఉంటుంది, ఎందుకంటే నీళ్లు ఇటు నుంచి అటు పోవాల్సిందే.

ఇది చదివి ధీమాగా వెళ్లకండి. షాద్‌నగర్ వైపు నేనే మోసపోయాను. ఒక పక్క మోకాలి లోతు నీళ్లు, రెండో పక్క ఎండిన చేను. కుంట అని తేల్చేసి వెనక్కి వచ్చాను. మరుసటి వారం మళ్లీ వెళ్తే తెలిసింది, కల్వర్టు నోట్లో ఒండ్రు పూడుకుపోయి నీళ్లు నిలిచాయి. ముళ్లకంప తప్పిస్తే చెక్కిన రాతి కమాను, దాని నడినెత్తిన తాళపురాయి. అందుకే నీళ్లను చూసి తీర్పు చెప్పొద్దు.

ఇంకొకటి, నడకలో ఆయాసం వస్తే అది రైలు దారి కాదు. ఇనుప చక్రం ఇనుము మీద జారుతుంది గనక నిటారుగా ఎక్కలేదు, నూరు మీటర్లకు ఒక మీటరు ఎక్కడమే దానికి బరువు. మోచేయిలా ఠక్కున తిరిగే మలుపు కూడా రైలుది కాదు.

ఎక్కడ వెతకాలి అంటే, గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మార్చినప్పుడు చాలాచోట్ల పాత కట్టనే వాడుకుంటారు. మలుపు సరిచేసిన చోట, కొత్త వంతెన కట్టిన చోట మాత్రం పాతది పక్కకు మిగిలిపోతుంది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు, డోన్ వైపు పోయే పాత మీటర్ గేజ్ దారులు నాకు ఇష్టం. మీలో ఒకరు "1874 నాటి నిజాం మీటర్ గేజ్" అని రాశారు. 1874లో వచ్చిన వాడి–సికింద్రాబాద్ లైను బ్రాడ్ గేజ్. మన్మాడ్ మీటర్ గేజ్ 1900 ప్రాంతంలో వచ్చింది.

ఇక పట్టాలు. పాత పట్టాలు దారి మీద కంటే కంచె స్తంభాలుగానే ఎక్కువ దొరుకుతాయి. నడుం భాగం మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. సుద్దముక్కను అడ్డంగా పెట్టి తేలిగ్గా రుద్దితే తేలతాయి. వైరు బ్రష్షు వద్దు, అక్షరం అరిగిపోతుంది. అక్కడి ఏడాది పట్టా తయారైనది, లైను వేసినది కాదు. "60" కనిపిస్తే ఎగిరి గంతేయకండి. పాత 60 అంటే గజానికి 60 పౌండ్లు, ఇప్పటి 60 అంటే మీటరుకు 60 కిలోలు, ఇంచుమించు రెట్టింపు బరువు. నా కొలబద్ద మెట్రో కార్డు. పట్టా ఎత్తు కార్డు పొడవుకు మూడోవంతు ఎక్కువైతే పాతది, రెండు కార్డులంత ఉంటే కొత్తది.

మెటల్ డిటెక్టర్ గురించి అడిగినవారికి: నాకది నచ్చదు. తవ్వాలనిపిస్తుంది, తవ్వితే తీసుకోవాలనిపిస్తుంది. తుప్పు మేకైనా రైల్వేదైతే, రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద ఉన్న 1966 చట్టం కింద కేసు కావచ్చు. బండ్లు నడిచే లైను మీదికి అనుమతి లేకుండా వెళ్లినా 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు.

అభ్యాసం: ఒకే కట్ట ఎంచుకుని కనీసం మూడు కిలోమీటర్లు నడవండి. ప్రతి 200 మీటర్లకు ఆగి, కట్టను అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో గ్రాఫు కాగితం మీద గీయండి: పైన వెడల్పు, రెండు వాలులు, గుంతలు. దారిలో అరవై దాటిన ఒకరినైనా "ఇక్కడ రైలు పోయేదా?" అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాయండి. పదిహేను బొమ్మల కంటే తక్కువైతే నేను చూడను. పట్టా దొరికితే ఫొటోలో పక్కన కార్డు పెట్టండి. ఏటీఎం కార్డు వద్దు, నంబరు పడుతుంది. మెట్రో కార్డు చాలు, సైజు ఒకటే.