పొందూరు తువ్వాలుతో బ్యాక్‌స్వింగ్ సరిచేసుకోవడం

విజయనగరంలో ఉంటూ గోల్ఫ్ ఆడతానంటే మా వీధిలో ఇప్పటికీ నవ్వుతారు. ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి విశాఖ ఈస్ట్ పాయింట్ కోర్సుకి (గోల్ఫ్ మైదానానికి) వెళతాను. మిగతా ఆరు రోజులూ పెరట్లోనే ప్రాక్టీసు. యాభై దాటాక మొదలుపెట్టిన ఆట. మూడేళ్ల పాటు నా బంతి ఒకసారి కుడివైపు పొదల్లోకి, మరోసారి ఎడమవైపుకి పోయేది. గ్రిప్ (కర్ర పట్టు) మార్చాను, స్టాన్స్ (నిలబడే తీరు) మార్చాను, షూస్ కూడా మార్చాను. చివరికి మా బ్యాగులు మోసే ఒక కేడీ కుర్రాడు చెప్పాడు: "ఏటి సార్, సేతులు ఈపెనక దాసేస్తన్నారు?"

జబ్బు అదే. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే కొట్టే ముందు క్లబ్ (గోల్ఫ్ కర్ర) వెనక్కి తీసేటప్పుడు, నా ఛాతీ సగంలో ఆగిపోయేది, చేతులు మాత్రం వీపు చుట్టూ పోతూనే ఉండేవి. అలా వెనక చిక్కుకున్న చేతులు కిందికి దిగేసరికి నడుము ముందే తిరిగిపోతుంది. అప్పుడు మణికట్లు కంగారుగా క్లబ్‌ని తిప్పితే బంతి ఎడమకి, తిప్పడం ఆలస్యమైతే కుడికి.

నా విషయంలో క్రికెట్ కూడా కారణమే. ఒకప్పటి భారత క్రికెట్ కెప్టెన్ విజ్జీ ఊరు కదా, అయోధ్య మైదానంలో టెన్నిస్ బంతితో ఆడి పెరిగాం. బ్యాట్‌ని చేతులతో ఎత్తడమే అలవాటు, భుజాలు తిప్పే పని పెద్దగా ఉండదు. గోల్ఫ్‌లో చేతుల్ని ఛాతీ మోసుకెళ్లాలి. ఛాతీ ఆగిన చోటే చేతులూ ఆగాలి.

కుడిచేతి వాటం లెక్కలో చెబుతున్నాను, ఎడమచేతి వాళ్లు తిరగేసుకోండి. ఎడమచెయ్యి నేలకి సమాంతరంగా వచ్చినప్పుడు ఆగి చూసుకోండి. చేతులు కుడి ఛాతీకి ఎదురుగా ఉండాలి, కుడి భుజం దాటి వెనక్కి పోకూడదు. ఎడమచెయ్యి చాచి ఉండాలి, అలాగని కర్రలా బిగించకూడదు. బిగిస్తే భుజం తిరగదు. కుడి మోచెయ్యి మడిచి నేల వైపు చూస్తుండాలి. భుజాలు 90 డిగ్రీలు, నడుము 45 తిరగాలంటారు. నా వయసుకి భుజాలు 70 తిరిగితే గొప్ప. నేను అక్కడే ఆపేస్తాను, మిగిలింది చేతులతో పూడ్చను.

"అమెరికా గోల్ఫర్ జాక్ నిక్లాస్ కుడి మోచెయ్యి పైకి లేచేది కదా, ఆయన 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు) గెలవలేదా?" అని మా బావగారి వాదన. గెలిచాడు. ఆయనలా ఛాతీ తిప్పగలిగితే బావగారూ మోచెయ్యి లేపుకోవచ్చు.

ఇక తువ్వాలు. పొందూరు ఖద్దరు తువ్వాలుని మడిచి ఎడమ చంకలో పెట్టుకుని, సెవెన్ ఐరన్ అనే మధ్యరకం క్లబ్‌తో సగం స్వింగ్‌లే చెయ్యండి. ఛాతీ తిరగకుండా చేతులు విడిగా లేచిపోతే తువ్వాలు జారి కింద పడుతుంది. మొదటి వారం నాది పదిసార్లకి ఏడుసార్లు పడింది. కొందరు కుడి చంకలోనూ పెట్టమంటారు. పూర్తి స్వింగ్‌లో కుడివైపుది పడిపోవడం మామూలే, దాని కోసం మోచెయ్యిని పక్కటెముకలకి అతికించేస్తే స్వింగ్ ఇరుకైపోతుంది.

వీపు వెనక్కి లాగే అలవాటుకి మాత్రం ప్రహరీ గోడే మందు. గోడకి జానెడు దూరంలో, వీపు గోడ వైపు పెట్టి నిలబడండి. పాత క్లబ్ తీసుకుని మెల్లగా, సగం వరకే వెనక్కి తియ్యండి. తీసిన వెంటనే 'టంగ్' మని గోడకి తగిలిందంటే లోపలికి లాగేశారన్నమాట. మా గోడ సున్నం అక్కడక్కడా రాలిపోయింది, మా ఆవిడ ఇంకా క్షమించలేదు.

వారానికోసారి ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఫోన్‌ని బంతి వెళ్లాల్సిన దిక్కుకి సూటిగా, మీ కుడి పక్కన (వీపు వెనక కాదు), చేతులంత ఎత్తులో పెట్టాలి. పక్కకి జరిగితే బాగున్న స్వింగ్ కూడా తప్పుగా కనబడుతుంది. నేను మామిడిపళ్ల బుట్టకి ఆనించి తీస్తాను.

కోర్సు మీద ఇవేవీ గుర్తు తెచ్చుకోవద్దు. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర తువ్వాలుతో రెండు ఉత్తుత్తి స్వింగ్‌లు వేసి, దాన్ని బ్యాగులో పడేసి ఆడండి. తువ్వాలు పాతదైతేనే మంచిది. గంజి పెట్టిన కొత్తది చంకలో నిలవదు, మీ తప్పు లేకపోయినా జారిపోతుంది.