‘డిస్క్ లేదు’ అంటూ మొరాయించిన డీవీడీ ప్లేయర్

తక్కువ ధరకు కొన్న మా డీవీడీ ప్లేయర్ ఐదేళ్లు చక్కగా పనిచేసింది. ఈమధ్య ఏ డీవీడీ పెట్టినా కాసేపు గిర్రున తిప్పి, ‘డిస్క్ లేదు’ అని చూపించసాగింది. విచిత్రమేమిటంటే, పాటల సీడీలు మాత్రం హాయిగా పాడుతున్నాయి! కారణం తర్వాత తెలిసింది. సీడీని చదివే లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీది 650. డీవీడీలో సమాచారాన్ని దాచే గుంటలు మరీ సన్నవి కాబట్టి, లెన్స్ మీద పలచగా దుమ్ము పేరుకున్నా ముందుగా ఇబ్బంది వచ్చేది డీవీడీలకే.

ప్లగ్ తీసేసి, కొంతసేపు ఆగి, పైమూత మరలు విప్పాను. (పవర్ బోర్డు జోలికి మాత్రం పోకండి, కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండవచ్చు. మూత తెరిచి ఉండగా ప్లేయర్ ఆన్ చేయకండి, లేజర్ కంటికి ప్రమాదం.) కందిగింజంత లెన్స్, దాని మీద మంచు పట్టినట్టు మసక. దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క అద్ది, మధ్య నుంచి అంచుకు మెల్లగా తుడిచాను. లెన్స్‌ను పట్టి ఉంచేవి వెంట్రుకల్లాంటి తీగలు, గట్టిగా నొక్కితే ఇక అంతే. ఆరాక నీలంగా తళుక్కుమంది.

మూత బిగించి డీవీడీ పెట్టగానే మెనూ వచ్చేసింది. బాగా గీతలు పడ్డ ఒక్క డిస్క్ మాత్రం ఇంకా మధ్యలో ఆగుతోంది. అది ప్లేయర్ తప్పు కాదు.