దిద్దిన పేపరు విద్యార్థికి పనికొచ్చేలా ఇవ్వడం ఎలా?

ఎర్ర కలం పక్కన పెట్టి పెన్సిలు తీసుకోండి. పెన్సిలే, ఇంకేదీ వద్దు. తరగతి మొత్తానికీ ముందు ఒకటో ప్రశ్న దిద్ది, తర్వాత రెండోదానికి వెళ్ళండి. ఎక్కువమంది చేసిన తప్పును బోర్డు మీద వివరించండి, పేపర్ల మీద కాదు. వారం దాటకుండా ఇచ్చేయండి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు.

చాలామంది పాడుచేసేది వ్యాఖ్య దగ్గర. ‘బాగా చదవాలి’, ‘శ్రద్ధ లేదు’ అన్నవి ప్రగతి పత్రం నింపడానికి సరిపోతాయి. ఏది ఎలా చదవాలో తెలిస్తే ఆ పిల్లవాడు ముందే చదివేవాడు కదా!

పదో తరగతి భౌతికశాస్త్రం లెక్క చూడండి. కుంభాకార కటకం నాభ్యంతరం (కటకం నుంచి నాభి దాకా దూరం) 10 సెం.మీ., వస్తువు 15 సెం.మీ. దూరంలో ఉంది. ప్రతిబింబం 30 సెం.మీ. దగ్గర ఏర్పడాలి. ఒక అమ్మాయి 6 అని రాసింది. సున్నా చుట్టే ముందు ఆ 6 ఎలా వచ్చిందో వెతకండి. సూత్రం తప్పు కాదు, కూడికా తప్పు కాదు. కటక సూత్రంలో వస్తు దూరాన్ని రుణంగా తీసుకోవాలి, ఆ గుర్తు పెట్టలేదు, అంతే. అంచున ఇలా రాయండి: ‘సూత్రం సరిగ్గా రాశావు. వస్తు దూరానికి ఏ గుర్తు రావాలి? నాభ్యంతరం కన్నా దగ్గరగా నిజ ప్రతిబింబం ఏర్పడుతుందా? మళ్ళీ చేసి చూపించు.’

సరైన జవాబు మాత్రం మీరు రాయకండి. రాస్తే దాన్ని నోట్సులోకి ఎక్కించుకుని పని అయిపోయిందనుకుంటుంది. ‘తెలివైనదానివి, ఇలా చేశావేమిటి’ అనీ రాయకండి. మాట లెక్క మీద ఉండాలి, మనిషి మీద కాదు. పేపరుకు రెండు వ్యాఖ్యలు చాలు. మూడోది రాశారంటే మీ కోపం తీర్చుకుంటున్నారన్నమాట.

పేపర్లిచ్చే రోజు మార్కులు చెప్పకండి. అంకె కనిపిస్తే పక్కనున్న వాక్యం ఎవరూ చదవరు. విద్యా మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలోనూ వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. మార్కులూ వ్యాఖ్యలూ కలిపి అందుకున్నవారికి ఆ లాభం దక్కలేదు. మనవాళ్ళేమో ర్యాంకుల వరుసలో పేరు పిలిచి మరీ పంచుతారు! చివర పిలిపించుకున్నవాడు పేపరు మడిచి సంచిలో పెట్టేస్తాడు, మళ్ళీ తెరవడు.

పేపర్లు ఇచ్చిన పీరియడులోనే ఇరవై నిమిషాలు తప్పులు సరిచేయనివ్వండి. సరిచేసింది చూశాకే రిజిస్టరు తెరిచి మార్కు చెప్పండి. ఈలోగా తల్లిదండ్రులు ఫోను చేస్తే, రెండు రోజులు ఆగమనండి.