ఇంగ్లీష్ గ్రామర్, ఏడో పాఠం: ‘ఎక్కడ?’ అని ఎవరిని అడగాలి

పోయిన పాఠం చివర, ఏది ఏ రకం ఫ్రేజో (కలిసి ఒకే పని చేసే మాటల గుంపో) చెప్పమని ఇచ్చిన వాక్యాలకు మీరు పంపిన జవాబులు చూశాను. నౌన్ ఫ్రేజులు బాగానే పట్టుకున్నారు. వెర్బ్ ఫ్రేజుల గురించి మళ్లీ చెప్పక్కర్లేదు. ‘హాజ్ బీన్ వర్కింగ్’ అంతా కలిపి ఒకటేనని అందరికీ తెలిసిపోయింది. బోల్తా పడింది మాత్రం మూడో వాక్యం దగ్గర.

‘ద బుక్ ఆన్ ద టేబుల్ ఈజ్ మైన్.’

ఇందులో ‘ఆన్ ద టేబుల్’ ఏ రకం ఫ్రేజ్ అంటే చాలామంది అడ్వర్బ్ ఫ్రేజ్ అని రాశారు. కొందరు ప్రిపోజిషనల్ ఫ్రేజ్ (ఆన్, ఇన్ లాంటి ప్రిపోజిషన్‌తో మొదలయ్యేది) అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఒకరైతే రెండూ రాసి, ఏది సరైనదైతే దానికి మార్కులు వేయమన్నారు! అందుకే ఈసారి చెబుదామనుకున్న జెరండ్ (‘-ఇంగ్’ చేరి నౌన్‌లా పనిచేసే వెర్బ్) సంగతి వచ్చే పాఠానికి వాయిదా. ముందు ఈ చిక్కు తీరాలి.

ప్రిపోజిషనల్ అని రాసినవాళ్లది తప్పు కాదు, కానీ నేను అడిగింది అది కాదు. ఫ్రేజులకు రెండు రకాల పేర్లుంటాయి. దేనితో మొదలైందో, ఎలా తయారైందో చూసి పెట్టే పేరు ఒకటి. వాక్యంలో ఏ పని చేస్తోందో చూసి పెట్టే పేరు ఇంకొకటి. తువ్వాలు భుజాన వేసుకుంటే కండువా, తలకు చుట్టుకుంటే పాగా. గుడ్డ మాత్రం అదే. ‘ఆన్ ద టేబుల్’ ఏ వాక్యంలో ఉన్నా ప్రిపోజిషనల్ ఫ్రేజే. అది నౌన్ గురించి చెబితే అడ్జెక్టివ్ ఫ్రేజ్, వెర్బ్ గురించి చెబితే అడ్వర్బ్ ఫ్రేజ్. స్కూలు గ్రామర్ అడిగేది ఈ పని చూసి పెట్టే పేరునే. పెద్ద చదువుల గ్రామర్లో ‘అడ్జెక్టివ్ ఫ్రేజ్’ అంటే వేరే అర్థం ఉంది, ‘వెరీ హ్యాపీ’ లాంటివి అందులోకి వస్తాయి. రెండు పద్ధతులూ ఒకేసారి చదివితే బుర్ర వేడెక్కుతుంది. ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు అడ్వర్బ్ అని రాసినవాళ్ల సంగతి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అనే ప్రశ్నలకు జవాబు వస్తే అడ్వర్బ్ అని చిన్నప్పుడు బట్టీ పట్టిన సూత్రమే మిమ్మల్ని పడేసింది. సూత్రం మంచిదే. ఆ ప్రశ్న ఎవరిని అడగాలో ఎవరూ చెప్పరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. మీరు పుస్తకాన్ని అడిగారు. పుస్తకం ఎక్కడుంది? టేబుల్ మీద. ఇంకేం, అడ్వర్బ్ అని రాసేశారు. అడగాల్సింది వెర్బ్‌ని. ఈ వాక్యంలో వెర్బ్ ‘ఈజ్’. ‘ఎక్కడ నాది?’ అని అడిగి చూడండి, అర్థం లేదు కదా. ‘ఏ పుస్తకం నాది?’ అనండి, టక్కున జవాబొస్తుంది. ‘ఏ’ అని అడిగితే పలికేది అడ్జెక్టివ్.

అదే ‘ఐ కెప్ట్ ద బుక్ ఆన్ ద టేబుల్’ తీసుకోండి. ఎక్కడ పెట్టాను? టేబుల్ మీద. ఇక్కడ వెర్బే జవాబు చెప్పింది కాబట్టి అడ్వర్బ్.

ఇంకా అనుమానం ఉంటే నౌన్ ఉన్న చోట ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ కెప్ట్ ఇట్ ఆన్ ద టేబుల్’ చక్కగా ఉంది, ఫ్రేజ్ బయటే మిగిలింది. ‘ఇట్ ఆన్ ద టేబుల్ ఈజ్ మైన్’ అని మాత్రం ఎవరూ అనరు. ‘ఇట్ ఈజ్ మైన్’ అనాల్సిందే. అంటే ‘ఇట్’ ఆ ఫ్రేజ్‌ని కూడా మింగేసింది. అలా మింగుడుపడేది నౌన్‌లో భాగం, అంటే అడ్జెక్టివ్ ఫ్రేజ్.

నిజం చెప్పాలంటే నేను ఈ పరీక్షలేవీ చేయను. తెలుగులో అనుకుని చూస్తాను. మొదటి వాక్యం ‘టేబుల్ మీద ఉన్న పుస్తకం నాది’. రెండోది ‘పుస్తకం టేబుల్ మీద పెట్టాను’. ఉన్న, వచ్చే, వేసిన, జరగాల్సిన లాంటి మాట తెలుగులో వచ్చి పడిందంటే ఇంగ్లీషులో అది అడ్జెక్టివ్ ఫ్రేజ్. ‘ద ట్రైన్ ఫ్రమ్ విజయవాడ ఈజ్ లేట్’ అంటే విజయవాడ నుంచి వచ్చే రైలు. ‘టీ విత్ షుగర్’ అంటే చక్కెర వేసిన టీ. ‘ఐ హ్యావ్ వర్క్ టు డూ’ అంటే చేయాల్సిన పని. ‘ఐ కేమ్ టు సీ యూ’ అంటే చూడడానికి వచ్చాను. ఇక్కడ అలాంటి మాట లేదు, అడ్వర్బే.

‘ద మీటింగ్ ఆన్ మండే వాజ్ క్యాన్సిల్డ్’ అంటే సోమవారం జరగాల్సిన మీటింగ్ రద్దయింది. ఎప్పుడు రద్దు చేశారో ఈ వాక్యం చెప్పలేదు. ‘ద మీటింగ్ వాజ్ క్యాన్సిల్డ్ ఆన్ మండే’ అంటే రద్దు చేసింది సోమవారం నాడు. మీటింగ్ ఏ రోజుదో తెలియదు. ఆఫీసు మెయిల్‌లో ఈ రెండూ తారుమారైతే సగం మంది హాల్లో, సగం మంది ఇంట్లో ఉంటారు.

‘ఆఫ్’ వస్తే ఎక్కువసార్లు అడ్జెక్టివే. తెలుగులో అక్కడ ‘ఉన్న’ రాదు, ‘ఉల్లిపాయల ధర’ లాగా ఉంటుంది. ‘థింక్ ఆఫ్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’ లాంటివి దీనికి మినహాయింపు. ‘ద ప్రైస్ ఆఫ్ ఆనియన్స్ హ్యావ్ గాన్ అప్’ అని రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పెరిగింది ధర, ఉల్లిపాయలు కాదు. కాబట్టి ‘హాజ్’.

‘హీ ఈజ్ ఇన్ ఎ హర్రీ’ లాగా ‘ఈజ్’ వెనకాలే వచ్చే ఫ్రేజులను ఈసారికి వదిలేయండి. వాటి లెక్క వేరు.

ఇక అభ్యాసం. ఏదైనా ఇంగ్లీష్ పేపర్లో మొదటి పేజీ వార్త ఒకటి తీసుకోండి. అందులో ఇన్, ఆన్, ఎట్, ఆఫ్, ఫ్రమ్, విత్‌లతో మొదలయ్యే ప్రతి ఫ్రేజ్ కిందా గీత గీయండి. ప్రతిదానికీ పని చూసి పేరు పెట్టండి, పక్కనే తెలుగు వాక్యం రాయండి. వార్త మొత్తం చేయాలి, తేలికైన పేరా చూసుకుని ఆగిపోవద్దు. ఆ తర్వాత ఈ రెండింటికీ తలా రెండు అర్థాలు రాయండి: ‘షీ హిట్ ద థీఫ్ విత్ ఎ స్టిక్’, ‘ద పోలీస్ కాట్ ద థీఫ్ ఇన్ ద బస్’. మొదటిదానిలో కర్ర ఒకసారి ఆమె చేతిలో, ఒకసారి దొంగ చేతిలో ఉండాలి. తెలుగు వాక్యం లేకుండా ఉత్త ‘అడ్వర్బ్’ అని రాసి పంపితే దిద్దను.