మోకాలి నీరు చేతికొచ్చిన రోజు

హైదరాబాద్‌లో కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది ఐదో ఏడు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది ఒకటే: క్లినిక్ నుంచి "మోకాలి నీరు తీస్తున్నాం, రండి" అని ఫోనొస్తే ఏం చేయాలో. మా అమ్మకూ ఇదే జబ్బు. పొద్దున్నే పిడికిలి ముడుచుకోవడానికి గంట పడుతుంది ఆమెకు. ఆ సిరంజిలోకి వచ్చేది ఎంత నొప్పో ఇంట్లో చూస్తున్నదాన్ని కాబట్టి, ఒక్క చుక్కా పారబోయనివ్వను.

నీరు తీసేది రోగికి ఉపశమనం కోసం. పరీక్షలకు పోగా మిగిలిందే మనది. సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించుకోండి. "తీసేసిన నీరు నీకెందుకమ్మా?" అని ఒక పెద్దావిడ అడిగారు. మీ ఒంటిని కాపాడాల్సిన కణాలే కీలు మీద ఎందుకు తిరగబడ్డాయో అందులో వెతుకుతామండీ అన్నాను. అలా విడమరిచి చెప్పే తీరిక మీకుండాలి.

అప్పుడే మందుల వివరాలు, చుట్టా బీడీ అలవాట్లు రాసుకోండి. పొగ వల్ల ఊపిరితిత్తుల్లోని ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం సిట్రులిన్‌గా మారడం ఎక్కువవుతుంది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన కొన్ని హెచ్ఎల్ఏ-డీఆర్ జన్యురకాలున్నవాళ్లలో ఆ మారిన ప్రొటీన్ల మీద యాంటీబాడీలు పుడతాయి, చాలామందిలో కీలు వాచడానికి ఏళ్ల ముందే. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మాత్రలు వారంలో ఏ రోజు వేసుకుంటారో తప్పక అడగండి. "రోజూ" అన్నారా, అక్కడికక్కడే డాక్టరుకు చెప్పండి. ఈ జబ్బుకు అది వారానికి ఒక్కసారే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో కేన్సర్ కోసం తయారుచేసిన మందది. అమెరికాలో కీళ్లవాతానికి దాన్ని అనుమతించింది 1988లో. అమ్మకు ఆదివారం ఆ మాత్రలు ఇస్తున్నప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను.

నీటిని హెపారిన్ ట్యూబులోనే పట్టండి, ఉత్త ట్యూబులో గడ్డకడుతుంది. అదే రోజు అదే మనిషి రక్తం కూడా కావాలి. ల్యాబ్‌కు రాగానే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ కలిపి 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే జిగట విడుస్తుంది. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో పల్చన చేసి, 70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, ఫైకాల్ అనే బరువైన ద్రావణం మీద గోడవారగా మెల్లగా పోయండి. సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ బలంతో 30 నిమిషాలు తిప్పండి, బ్రేక్ ఆపేసి. బ్రేక్ మరిచిపోతే మనకు కావలసిన కణాలున్న తెల్లటి వలయం చెదిరిపోతుంది. అడుగున దిగేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, ఈ నీటిలోని కణాల్లో ఎక్కువ భాగం అవే. వాటినీ దాచండి.

ప్రొటీన్లను రంగుతో కొలిచే ఎలైజా పరీక్ష దగ్గర మాత్రం కాస్త ఆగండి. రెండో ఏట నా ఐఎల్-17 (వాపును పెంచే సైటోకైన్, అంటే కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్) విలువలు ఎంత ఎక్కువగా వచ్చాయంటే, థీసిస్ అయిపోయినట్టే అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనేది యాంటీబాడీల తోకను పట్టుకునే యాంటీబాడీ. ప్లేటు మీదున్న యాంటీబాడీని, రంగు తెప్పించే యాంటీబాడీని అదే వంతెనలా కలిపేస్తుంది. మధ్యలో సైటోకైన్ లేకపోయినా రంగొస్తుంది. మూడు నెలల పని పోయింది, ఏడ్చాను. ఇప్పుడు ప్లేటులోని కొన్ని గుంటల్లో సంబంధం లేని ఎలుక యాంటీబాడీ (ఐజీజీ) పూసి చూస్తాను. అక్కడా రంగొస్తే ఆ అంకె అబద్ధం. రుమటాయిడ్ ఫ్యాక్టర్‌ను అడ్డుకునే బ్లాకర్ కలిపి మళ్లీ మొదలుపెట్టాలి. టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్‌ను అడ్డుకునే అడాలిముమాబ్ మందు తీసుకునేవాళ్లలో ఆ టీఎన్‌ఎఫ్ కొలతనూ నమ్మకండి, మందే దాన్ని పట్టుకుని ఉంటుంది.

కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరిశీలించే ఫ్లో సైటోమెట్రీలో పడే పొరపాటు ఇంకోటి. కీలు నీటిలోని టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) దాదాపు అన్నీ మెమరీ కణాలే, అంటే ఇదివరకే శత్రువును చూసినవి; రక్తంలో ఇంకా చూడని నైవ్ కణాలూ బోలెడుంటాయి. మొత్తాన్ని మొత్తంతో పోలిస్తే ప్రతిదీ తేడాగానే కనిపిస్తుంది. మెమరీని మెమరీతోనే పోల్చండి. నేను వెతికేవి పీడీ-1 అనే గుర్తు ప్రొటీన్ దండిగా ఉండి, సీఎక్స్‌సీఆర్5 అనే గుర్తు లేని సహాయక టీ కణాలు. 2017లో వెలుగులోకి వచ్చిన ఇవి బీ కణాలను కీలులోకి పిలిచి, యాంటీబాడీలు చేయించగలవు.

మిగిలిన కణాలను కణాలు పాడవకుండా కాపాడే 10 శాతం డీఎంఎస్‌ఓతో గడ్డకట్టించి, రాత్రంతా మైనస్ 80 డిగ్రీల్లో ఉంచి, మర్నాడు ద్రవ నైట్రోజన్‌లోకి మార్చండి. వయల్ మీద కోడ్, తేదీ, ఏ కాలో రాయండి. పేరు వద్దు. ఒక్కో మనిషివి రెండేసి వయల్స్ నేను అసలు ముట్టుకోను, నా తర్వాత వచ్చేవాళ్లకు ఉంచుతాను.